చర్చికి ఉత్తరం మూల

ఆవిడ పోయిందన్న కబురు ఇక్కడ ఒమాన్‌లోనే, ఖురంలోని ఒక వంటింట్లోంచి వచ్చింది. ఫోన్ చేసినామెదీ కడప జిల్లాయే. ఒక ఒమానీ ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. "అన్నా, మీ ప్రూఫులక్క పోయిందంట. రెండు దినాలు జరమంట, మూడో దినం లేదంట" అంది. "ఉంటా అన్నా, పిల్లోళ్ళకు అన్నం పెట్టాల" అని పెట్టేసింది.

ప్రూఫులక్క అన్నది మా ప్రెస్సులో మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చెప్పడానికే ఇదంతా.

అంత కోపిష్టి మనిషిని నేను మరొకర్ని చూడలేదు. రూవీలో మా ప్రెస్సు రెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు ఆలస్యంగా వస్తే దాని తలుపు మీద అరచేత్తో చరిచేది. లోపలికి వచ్చాక ఏసీ మీద కోపం, మా ప్లాస్టిక్ కుర్చీల మీద కోపం, మేం తాగే డబ్బాపాల టీ మీద కోపం. కూర్చోమంటే కూర్చునేది కాదు. చున్నీ నడుముకు చుట్టుకుని, నా బల్ల పక్కన నిలబడి, మాట మాటకీ చూపుడువేలి కణుపుతో బల్ల మీద కొట్టేది. ఒకసారి మా సేఠు నవ్వుతూ, "ఇంత గుస్సా ఎందుకు అమ్మా?" అని హిందీలో అడిగాడు. ఆవిడ నావైపు తిరిగి, "కోపం రాని మనిషి ఉప్పు లేని సంగటి అని సెప్పు ఆయనకి" అంది. సంగటిని హిందీలో ఏమంటారో తెలియక నేను సగమే చెప్పాను.

ఆవిడ వంట చేసే ఇల్లు ఒక ఇంగ్లీషు మేడమ్‌ది. మేడమ్ భర్త ఇక్కడ ఇంజినీరు. ఆమె చెడ్డ మనిషి కాదు, అది ముందే చెప్పాలి. గట్టిగా మాట్లాడేది కాదు. శుక్రవారం పూర్తిగా సెలవిచ్చేది. పండక్కి చీర కొనిచ్చేది. ఆమె తన సొంత ఊరి మీద ఒక పుస్తకం రాస్తోంది. ఇంగ్లండులో, నాలుగు వీధులు కూడా లేని పల్లె. దాని చరిత్ర, అక్కడ చూడదగ్గ కట్టడాలు, ఒక్కోదాని వెనక కథ. పేజీలు కట్టేది నేను. కట్టిన పేజీలు కాగితం మీద తీసి, తప్పులు చూసి పంపమని మేడమ్‌కి ఇవ్వాలి. వాటినే ప్రూఫులంటారు. గురువారం మధ్యాహ్నం మేడమ్ డ్రైవరు కూరగాయలకు రూవీ వస్తాడు. అతనితో పాటు ఈవిడ వచ్చి, దిద్దిన ప్రూఫులు ఇచ్చి కొత్తవి తీసుకెళ్ళేది.

మొదటి గురువారమే అడిగింది.

"అబ్బయ్యా, నువ్వు తెలుగోనివా?"

"అవునండీ. మాది కాకినాడ దగ్గర."

"అయితే సదువు. ఇందులో ఏం రాసుండాదో తెలుగులో సెప్పు."

"మీకెందుకండీ ఇది?"

"ఎందుకా? నేను ఆ ఊర్లో మూన్నెల్లు ఉండి వచ్చినా. ఆయమ్మ రాసింది నిజమో అబద్ధమో నాకు తెలియాల."

అంతకు ముందు వేసవిలో మేడమ్ తల్లికి జబ్బు చేస్తే, చూసుకోవడానికి ఈవిడను వెంట తీసుకెళ్ళారట. ముసలామెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రోజూ పొద్దునా సాయంత్రం ఊరంతా తిప్పడమే డ్యూటీ. ఆ ముసలామె మతి సగం పోయినా ఊరి సంగతులు మాత్రం మరిచిపోలేదు. ప్రతి రాయి దగ్గరా కుర్చీ ఆపించి ఏదో ఒకటి చెప్పేది. అలా మూడు నెలలు. మేడమ్ చిన్నప్పుడు వదిలేసిన ఊరిని వంటమనిషి కాళ్ళతో చదువుకుని వచ్చింది.

నేను వంతెన పేజీ చదివాను. మూడు కమానుల రాతి వంతెన అని ఉంది.

"అబద్ధం" అని బల్ల మీద కొట్టింది. "రెండే. బాతులు ఆ రెండు కన్నాల్లోంచే ఇవతలికొచ్చేటివి. ముసలామెతో పాటు దినామూ నిలబడి సూసినా. మూడోది యాడిదంట?"

పుస్తకంలో వేయాల్సిన ఫోటో తెరిచి చూశాను. రెండే ఉన్నాయి. మేడమ్ తన ఫోటో తనే సరిగా చూసుకోలేదు. నేను ఆ ప్రూఫు పక్కన ఎర్ర పెన్నుతో, 'ఫోటోలో రెండే ఉన్నాయి, చూడగలరు' అని రాసి పంపాను. మేడమ్ ఫోన్ చేసి పొగిడింది. "ఎంత చురుకైన కళ్ళు మీవి!" అంది. థాంక్యూ మేడమ్ అన్నాను. అంతే అన్నాను.

ఆ తరవాత ఏడాది పొడవునా గురువారాలు ఆ ఊరితోనే గడిచాయి. చదరపు గోపురం ఉన్న చర్చి, చర్చి కన్నా ముసలిదని చెప్పే యూ చెట్టు, ఇనప చేతిపంపు, గుర్రాలు నీళ్ళు తాగడానికి కట్టిన రాతి తొట్టి, ఊరి జమీందారు ఇల్లు. ఆ ఇంటిని అక్కడ హాల్ అంటారు. ఆవిడ తెచ్చిన డబ్బాలోంచి మేడమ్ ఇంటి కేకు ముక్కలు తీసి, వాటి మీద శెనిక్కాయల పొడి చల్లుకుని నిలబడే తినేది. నాకూ పెట్టేది. బాగుండేది కాదు, కానీ తినకపోతే దానికీ కోపం.

"తొట్టి గురించి సదువు."

ఆ తొట్టిని ఊరికి కట్టించి ఇచ్చిన ఆసామి పేరు, అతని భార్య పేరు, దాన్ని చెక్కిన రాతిపనివాడి పేరు వరసగా ఉన్నాయి. చదివాను.

"గుర్రాలు మూతి పెట్టే తొట్టికి మూడు పేర్లు" అంది. ఆ రోజు డబ్బా మూత పెట్టి వెళ్ళిపోయింది. నాకు అర్థం కాలేదు.

నాలుగైదు వారాల తరవాత హాల్ గురించిన పేజీలు వచ్చాయి. ఆ ఇంటి కిటికీల గురించే నాలుగు పేజీలు. ఇల్లు పెంచి కట్టినాయన మద్రాసు వైపు పెద్ద ఉద్యోగం చేసి వచ్చాడని ఒక్క వాక్యం. తోటగోడ పక్కన వాళ్ళ పెంపుడు కుక్క సమాధి. దాని మీద కుక్క పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, రెండు పాదాల పద్యం. పద్యమంతా మేడమ్ పుస్తకంలో ఎత్తి రాసింది.

"ఆ తర్వాత?" అంది ఆవిడ.

"తరవాత పేజీలో చర్చి తోటలోని సమాధులు."

"అందులో ఉత్తరం మూల ఉండాదా?"

వెతికాను. ఉంది. 'ఊళ్ళోని వింతల్లో ఒకటి, హాల్ వారు మద్రాసు నుంచి తెచ్చుకున్న ఆయా సమాధి' అని. రాతి మీద ఉన్న మాటలు కూడా ఇచ్చారు: హాల్ కుటుంబపు నమ్మకమైన సేవకురాలు, మద్రాసు నుంచి వచ్చినది, ఇక్కడ నిద్రిస్తున్నది. అంతే. పేరు లేదు.

ఆవిడ రెండు చేతులూ నా మొహం ముందు చాపింది.

"నా సేతులు సూడు. ఇప్పుడు మానినాయి గానీ, అప్పుడు ఇంతింత వాసినాయి. ఆ మూల పోయేటోళ్ళు ఎవురూ లేరు. మన దూలగొండి ఉండ్లా, అట్లాంటి మొక్క ఆడ నడుమెత్తు పెరిగుండాది. ముసలామె కుర్చీ ఆపించి, ఆడ మీ దేశపామె ఉండాది అనింది. నేను ఉత్త సేతుల్తో పీకినా. పీకితే రాయి కనపడింది. అచ్చరాలు నాకు రావు గదా. పేరేంది అమ్మా అని ముసలామెను అడిగినా. నో నేమ్ అనింది. నేను నమ్మలా. ఫోన్లో ఫోటో తీసుకొచ్చి మేడమ్‌తో సదివించినా. ఆమె గూడా నో నేమ్ అనింది. ఇప్పుడు నువ్వు సదువు. ఉండాదా?"

"లేదండి."

"మద్రాసంటే అప్పట్లో మన కడప గూడా మద్రాసేనంట గదా?"

"అవునండీ. మా వైపు కూడా."

"అయితే మనామే గావచ్చు. మనామె గాకపోనీ. వాళ్ళ బిడ్డల ముడ్డి కడిగింది గదా. సలికి సచ్చింటాది. కుక్కకు పద్దెం రాసినోళ్ళకు ఆయమ్మ పేరు రాసే దానికి సెయ్యి రాలేదా?"

బల్ల మీద అంత గట్టిగా కొడితే నా పెన్నులు కిందపడ్డాయి. ఎవరూ ఏరలేదు. నేనూ ఏరలేదు.

తరవాతి వారాల్లో ఆవిడ మేడమ్‌ను వదల్లేదు. వంటింట్లో, కారులో, కూరగాయల సంచీలు మోస్తూ అదే అడిగేదట. మేడమ్ చివరికి ఆ ఊరి ఫాదర్‌కి ఉత్తరం రాసింది. చర్చి రిజిస్టరు చూసి ఆయన జవాబు రాశాడు: 'హాల్ ఇంటి ఆయా, వయసు ముప్పై దాకా.' అక్కడా పేరు లేదు. ఆ రిజిస్టరు రాసినప్పుడు వయసు అంచనా వేసే ఓపిక ఉన్నవాడికి పేరు అడిగే నోరు లేకపోయింది. ఆ జవాబు తెచ్చి నాతో చదివించుకున్న రోజు మాత్రం ఆవిడ బల్ల మీద కొట్టలేదు.

"అబ్బయ్యా, ఒక్క మాట రాస్తావా? ఆయమ్మకు పేరు ఉండాది, మేమే అడగలా అని. అంతే. ఆ సమాధి ఫోటో కింద రాయి."

"నేను రాయకూడదండీ. పుస్తకం మేడమ్‌ది. ఆమె ఒప్పుకోవాలి."

"అడిగినా. కాగితాల్లో లేని మాట సెరిత్రలో రాయగూడదంట."

"మరి నేనేం చెయ్యను?"

"నువ్వేం సెయ్యవులే" అంది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఎవరో దేశంలో, ఎప్పుడో పోయిన మనిషి కోసం నా ఉద్యోగం ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ అనుకున్నవాడి మీద కోపం వస్తోంది.

అసలు తప్పు చివరి పేజీ దగ్గర జరిగింది. అది కృతజ్ఞతల పేజీ. ఫాదర్ పేరు ఉంది. పాత కాగితాలు వెతికిపెట్టిన లైబ్రరీ ఆయన పేరు ఉంది. మేడమ్ తల్లి పేరు ఉంది. ఆ కింద, 'వంతెన పొరపాటును పట్టుకున్న చురుకైన కళ్ళకు' అని నా పేరు ఉంది. ఇంటిపేరుతో సహా. దాని కింద ఆఖరి వాక్యం: 'నా వంటమనిషికి, లెక్కలేనన్ని టీలకు.'

ఆ పేజీ కట్టింది నేనే. నా పేరు సరిగా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. మేడమ్‌కి ఫోన్ చేసి, వంతెన సంగతి చెప్పింది నేను కాదు అనొచ్చు. రెండు నిమిషాల పని. చెయ్యలేదు. మనిషి పేరు అచ్చులో చూసుకుంటే అట్లాగే ఉంటుంది కాబోలు. గురువారం ఆవిడ వచ్చి, "సదువు" అంది. ఫాదర్ పేరు చదివాను, లైబ్రరీ ఆయన పేరు చదివాను, ముసలామె పేరు చదివాను.

"అంతేనా?"

"అంతే అక్కా."

"సరే" అంది. ఆ ఒక్కసారే ఆవిడ నా మాట నమ్మి, మళ్ళీ సదువు అనకుండా వెళ్ళింది.

పుస్తకం అచ్చయింది. మేడమ్ తన విల్లాలో సాయంత్రం టీ పార్టీ పెట్టింది. పుస్తకాల డబ్బాలు తీసుకెళ్ళింది నేనే కాబట్టి నన్నూ ఉండమంది. పాతికమంది దాకా వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు, ఇద్దరు ఒమానీ ప్రొఫెసర్లు. తోటలో కుర్చీలు వేశారు. ఆవిడ తెల్ల ఏప్రన్ కట్టుకుని ట్రే పట్టుకుని తిరుగుతోంది. నన్ను చూసి కళ్ళతోనే పలకరించింది.

మేడమ్ లేచి, కొంచెం సిగ్గుపడుతూ, చివరి పేజీ పైకి చదివింది. ఒక్కో పేరుకీ చప్పట్లు. నా పేరు చదివి నావైపు చెయ్యి చూపింది. అందరూ తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి తల వంచాను. అవును, తల వంచాను. తరవాత మేడమ్ నవ్వుతూ, ప్రేమగా, ఆఖరి వాక్యం చదివింది. అప్పుడూ చప్పట్లు కొట్టారు.

ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు. వింటే చాలావరకు తెలుస్తుంది. ట్రే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. కప్పులు కదలకుండా, నెమ్మదిగా. మేడమ్ ముందుకొచ్చి నిలబడింది.

"మేడమ్. మై నేమ్ నో?"

మేడమ్ మొహం ఎర్రబడింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, అయ్యో, నాకు తట్టనే లేదు, ఈసారి అచ్చు వేసినప్పుడు తప్పకుండా పెడతాను, ప్రామిస్ అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. నిజంగానే తట్టలేదు. అదే నన్ను ఇవాళ్టికీ మండిస్తోంది. పగబట్టి పేరు తీసేసినా కొంత గౌరవం ఉండేది.

"నో" అంది ఆవిడ. గట్టిగా అనలేదు, తోటంతా వినపడింది. "ఫస్ట్ దట్ లేడీ నేమ్. చర్చ్ లేడీ. ఆఫ్టర్, మై నేమ్."

"కానీ ఆమె పేరు ఎవరికీ తెలీదు కదా" అంది మేడమ్, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"దెన్ మై నేమ్ ఆల్సో నో."

ఒక పెద్దాయన దగ్గాడు. ఎవరో కేకు చాలా బాగుందన్నారు. ఆవిడ ట్రే తీసుకుని ఖాళీ కప్పులు ఏరడం మొదలుపెట్టింది. ఎవరి ముందూ ఒక్క కప్పూ వదల్లేదు. పని పూర్తిచేసి, నేను ఖాళీ డబ్బాలు వ్యానులో పెడుతుంటే వెనక గేటు దగ్గరికి వచ్చింది.

"వంతెన నువ్వు సూసినావా అబ్బయ్యా?"

చేతిలోని డబ్బాను వ్యానులోకి తోశాను.

"ఆ పేజీ నువ్వు సదవలా. అంతే అక్కా అన్నావు."

"తప్పయింది అక్కా. మేడమ్‌కి ఇప్పుడే చెప్తాను."

"ఇప్పుడు సెప్పి ఎవురిని ఉద్ధరిస్తావు? వాళ్ళు తెల్లోళ్ళు, వాళ్ళకు నా భాష రాదు, పోనీ అనుకుంటా. నీకేం వచ్చింది? నేను మాట్లాడిన మాట నీకు తెలుగులోనే గదా సెప్పినా?" ఏప్రన్ విప్పి మడత పెట్టింది. "నీకూ అదే సెప్తాండా. ఆయమ్మ పేరు దొరికినాకనే నా పేరు. అంతవరకు యాడా ఎయ్యగాకు. ఏసినావో, నేను సచ్చినా నిన్ను ఇడ్సను."

మర్నాడే పని మానేస్తానని చెప్పిందట. మేడమ్ బతిమాలింది. జీతం పెంచుతానంది, ఏడ్చింది కూడా అని డ్రైవరు చెప్పాడు. ఆవిడ రెండు నెలలు ఉండి, కొత్తగా వచ్చిన మనిషికి వంటంతా నేర్పి, వీసా క్యాన్సిల్ చేయించుకుని వెళ్ళిపోయింది. ఆ రెండు నెలల్లో ఒక్క గురువారం కూడా ప్రెస్సుకు రాలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెళ్ళేముందు చెప్పలేదు. నాకు చెప్పాల్సిన అవసరం ఆవిడకేం లేదు.

ఇది జరిగి రెండేళ్ళు. ఇప్పుడీ చావుకబురు.

కబురు వచ్చిన వారం లోపల మేడమ్ ప్రెస్సుకు వచ్చింది. పుస్తకాలు అయిపోయాయి, మళ్ళీ వేయాలి. నన్ను చూడగానే, "విన్నారా?" అంది. కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "పదకొండేళ్ళు మా ఇంట్లో ఉంది" అంది. బ్యాగులోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది. మొదటి పేజీలో వేయాలట. ఆవిడ పేరు రాసి, దాని కింద: 'మా నమ్మకమైన వంటమనిషి జ్ఞాపకార్థం.'

నమ్మకమైన. అదే మాట. రాతి మీద ఉన్న మాట, ఒక్క అక్షరం పోకుండా.

"ఇది నేను వెయ్యను మేడమ్" అన్నాను.

"ఎందుకు?"

"ఆవిడ వద్దంది. మీ ముందే అంది."

"అది అప్పటి కోపం కదా. ఇప్పుడు పాపం మనిషే లేదు. ఇది ఆమెకు గౌరవం."

"మేడమ్, వంతెనకు రెండే కమానులని చెప్పింది ఆవిడే. నేను కాదు. ముందు నా పేరు తీసెయ్యండి."

గాజు తలుపు అవతలినుంచి మా సేఠు నావైపు చూస్తున్నాడు. నా గొంతు లేచిందని నాకు అప్పుడు తెలిసింది. మేడమ్ ఆ కాగితాన్ని తనవైపు లాక్కుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. ఆవిడ ఎందుకు చెప్పలేదనో, నేనెందుకు చెప్పలేదనో తెలియలేదు.

"మీరు అడగలేదు. నాకు పొగడ్త బాగుంది, నేను చెప్పలేదు."

ఆమె ఆ కాగితం మడిచింది. "సరే. పుస్తకంలో వద్దు. వాళ్ళ ఊళ్ళో ఏదైనా చెయ్యాలి. బడికో, ఆస్పత్రికో. వాళ్ళది కేరళలో కదా?"

నా ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్న మనిషి. వాళ్ళ ఊరి గుర్రపుతొట్టి చెక్కినవాడి తాతపేరు కూడా చెప్పగల మనిషి. కుర్చీ వెనక్కి తోసి లేచాను.

"కేరళ కాదు మేడమ్. ఆంధ్ర. కడప జిల్లా."

"ఏ ఊరు?" అని పెన్ను తీసింది.

"కడప దగ్గర" అన్నాను.

ఏడాది పాటు గురువారం గురువారం ఆవిడ నా బల్ల పక్కన నిలబడింది. ఇంగ్లండులో ఆ పల్లె చర్చి గోపురానికి ఎన్ని మెట్లో నాకు తెలుసు. పంపు ఏ వైపు తిరిగి ఉంటుందో తెలుసు. ఆవిడ ఊళ్ళో ఏరుందో, గుట్టుందో, ఏం పండుతుందో తెలియదు. కడప దగ్గర అని ఆవిడే ఎప్పుడో అంది. దగ్గర అంటే ఎక్కడ అని నేను అడగలేదు.

మేడమ్ పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తూనే ఉంది. కాసేపటికి ఆమెకు అర్థమైంది. పెన్ను మూత పెట్టి, "తెలిస్తే చెప్పండి" అని మెల్లగా అని వెళ్ళిపోయింది. సేఠు వచ్చి కస్టమరుతో ఆ మాటలేంటని తిట్టాడు. తిట్టనిచ్చాను.

సాయంత్రం డ్యూటీ దిగాక, ఆ చావుకబురు చెప్పినామెకు ఫోన్ చేశాను.

"అమ్మా, అక్కది ఏ ఊరు?"

అటువైపు కుళాయి కట్టేసిన చప్పుడు.

"అన్ని దినాలు మాట్లాడుకున్నారు గదన్నా" అంది. "ఇప్పుడా అడిగేది?"